బాబ్ గిబ్సన్ తొమ్మిది గోల్డ్ గ్లవ్‌లు: అంకెలు చెప్పేదీ, దాచేదీ

బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. అతని గురించి ఎవరు రాసినా ఎన్ని ఆటలు గెలిపించాడు, ఎందరిని ఔట్ చేశాడు, ఎన్ని పరుగులిచ్చాడు అనే మూడు లెక్కలతో ముగించేస్తారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు 1959 నుంచి 1975 వరకు ఆడిన నల్లజాతి పిచర్ బాబ్ గిబ్సన్‌కు ఆ మూడు లెక్కలూ ఘనంగానే ఉన్నాయి. 251 విజయాలు, 3,117 స్ట్రైకౌట్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 2.91 పరుగులు. అయితే అతని రికార్డులో జనం పెద్దగా చూడని మరో వరుస ఉంది. 1965 నుంచి 1973 దాకా వరుసగా తొమ్మిదేళ్లు నేషనల్ లీగ్ పిచర్లలో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు అతనిదే.

ఆ వరుసను ప్రత్యేకంగా ఎందుకు చూడాలి? నల్లజాతి ఆటగాళ్లను అమెరికా తెల్ల సమాజం మెచ్చుకున్నప్పుడు కూడా ఒక షరతుతోనే మెచ్చుకుంది. వాళ్లది ఒంటి బలం, పుట్టుకతో వచ్చిన వేగం. ఆలోచన, ముందుచూపు, నిర్ణయం మాత్రం తెల్లవాళ్లవి అన్నది ఆ షరతు. కష్టం ఒకరిది, బుద్ధి ఇంకొకరిది అని పంచిపెట్టే ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. గిబ్సన్ ఫీల్డింగ్ రికార్డు సరిగ్గా ఆ లెక్కనే తప్పు పట్టిస్తుంది. రికార్డు అనేది ఎలా తయారవుతుందో, ఎవరి చేతిలో తయారవుతుందో కూడా చూపిస్తుంది.

పిచర్ ఫీల్డింగ్ అంటే ఏమిటి?

మైదానం మధ్యలో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి పిచర్ బంతి విసురుతాడు. అక్కడి నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. విసిరే ఊపులో ఒక అడుగు ముందుకు పడుతుంది కాబట్టి అసలు దూరం ఇంకా తగ్గుతుంది. అంటే బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా వెనక్కి వస్తే, క్యాచర్‌ను పక్కన పెడితే, దాన్ని అందరికంటే తక్కువ సమయంలో ఎదుర్కోవాల్సింది పిచరే. అదీ బంతి విసిరిన ఊపులో ఒళ్లు ఇంకా కుదుటపడని క్షణంలో.

పిచర్ పనులు ఇంకా ఉన్నాయి. బ్యాటర్ బంతిని మెల్లగా తట్టి వదిలేస్తే ముందుకు ఉరికి దాన్ని అందుకోవాలి. మొదటి బేస్ దగ్గరి ఆటగాడు బంతి కోసం పక్కకు వెళ్తే, ఖాళీ అయిన ఆ బేస్‌కు పిచర్ పరుగెత్తాలి. బంతి చేతికొచ్చాక ఏ బేస్‌కు విసిరితే ఎక్కువ లాభమో రెప్పపాటులో తేల్చుకోవాలి. ఎక్కడెక్కడ రన్నర్లు ఉన్నారు, ఎంతమంది ఔటయ్యారు, కొట్టినవాడి వేగమెంత అన్నవన్నీ బంతి విసరకముందే మనసులో ఉండాలి. బంతి వచ్చాక ఆలోచిద్దామంటే కుదరదు.

ఈ పనిని లెక్కలో రాయడానికి మూడు గడులున్నాయి. ఫీల్డర్ స్వయంగా ఔట్ చేస్తే పుటౌట్. అతను విసిరిన బంతితో మరొకరు ఔట్ పూర్తి చేస్తే అసిస్ట్. మామూలుగా అందుకోవలసిన బంతిని జారవిడిచినా, తప్పుగా విసిరినా ఎర్రర్. మొదటి రెండింటి మొత్తాన్ని మూడింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది ఫీల్డింగ్ సగటు. ఒకరికి పుటౌట్లు, అసిస్టులు కలిపి 48, ఎర్రర్లు 2 ఉంటే సగటు .960.

చూడటానికి నిక్కచ్చిగా ఉన్న ఈ లెక్కలో రెండు కంతలున్నాయి. మొదటిది, బంతి దాకా చేరుకోలేని వాడికి ఎర్రర్ పడదు. చురుగ్గా ఉరికి కష్టమైన బంతిని అందుకోబోయి జారవిడిచిన వాడి సగటు తగ్గుతుంది. కదలకుండా నిలబడ్డ వాడి సగటు శుభ్రంగా ఉంటుంది. రెండోది, ఏది ఎర్రర్, ఏది కాదు అని తేల్చేది మైదానం పైన గదిలో కూర్చున్న అధికారిక స్కోరర్. గిబ్సన్ కాలంలో ఆ పని స్థానిక పత్రికల క్రీడా విలేకరులు చేసేవాళ్లు. అంటే అంకె పుట్టకముందే ఒక మనిషి తీర్పు ఉంది.

ఒక్క బంతి ఖరీదు

1964 అక్టోబర్ 12. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో వరల్డ్ సిరీస్ ఐదో ఆట. అప్పటికి రెండు జట్లు చెరి రెండు ఆటలు గెలిచాయి. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కార్డినల్స్ 2-0తో ముందున్నారు. సహచరుడి తప్పుతో యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్ బేస్ చేరాడు. ఆ తర్వాత జో పెపిటోన్ కొట్టిన బంతి సూటిగా వచ్చి గిబ్సన్ తుంటికి బలంగా తగిలి మూడో బేస్ వైపు దొర్లిపోయింది.

గిబ్సన్ విసిరే తీరు వేరు. విసిరిన ఊపుకు అతని ఒళ్లంతా మొదటి బేస్ వైపు తూలిపోయేది. ఫీల్డింగ్‌కు అంతకంటే పనికిరాని భంగిమ లేదు. బంతేమో దానికి ఎదురు దిక్కున పోయింది. తుంటి నొప్పితోనే అతను వెనుదిరిగి ఉరికి, బంతిని అందుకుని, గాల్లో తిరుగుతూ మొదటి బేస్‌కు విసిరాడు. వెంట్రుకవాసిలో పెపిటోన్ ఔట్.

మరుసటి బ్యాటర్ టామ్ ట్రెష్ బంతిని మైదానం దాటించాడు. మాంటిల్‌తో కలిపి రెండు పరుగులొచ్చి స్కోరు సమమైంది. పెపిటోన్ బేస్ మీద ఉండి ఉంటే అవి మూడు పరుగులు. యాంకీస్ అక్కడికక్కడే గెలిచేవాళ్లు. పదో ఇన్నింగ్స్‌లో టిమ్ మెకార్వర్ మూడు పరుగుల హోమ్ రన్‌తో కార్డినల్స్ 5-2తో గెలిచారు. మూడు రోజుల తర్వాత, కేవలం రెండు రోజుల విశ్రాంతితో, గిబ్సన్ ఏడో ఆట కూడా పూర్తిగా ఆడి 7-5తో సిరీస్ గెలిపించాడు. ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడు అతనే.

పెపిటోన్‌ను ఔట్ చేసిన ఆ బంతి రికార్డు పుస్తకంలో ఒకే ఒక్క అసిస్ట్. తాపీగా నాలుగడుగులు దూరం విసిరిన బంతికీ అదే ఒకటి, దీనికీ అదే ఒకటి.

అక్కడి దాకా రావడానికి

గిబ్సన్ 1935 నవంబర్ 9న నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో పుట్టాడు. పుట్టడానికి మూడు నెలల ముందే తండ్రి క్షయతో చనిపోయాడు. ఏడుగురు పిల్లల్లో చివరివాడు. తల్లి విక్టోరియా లాండ్రీలో పనిచేసి వాళ్లను పెంచింది. చిన్నతనంలో రికెట్స్, ఆస్తమా. ‘పుట్టుకతో వచ్చిన బలం’ అని తర్వాత రాసినవాళ్లు ఈ మంచం పట్టిన పిల్లవాణ్ని మరచిపోయారు. అతన్ని ఆటలో నిలబెట్టింది పెద్దన్న జోష్. పేటలోని పిల్లలకు ఆటలు నేర్పించే కోచ్ అతను.

హైస్కూల్లో గిబ్సన్ బాస్కెట్‌బాల్ బాగా ఆడేవాడు. ఇండియానా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ కోసం అడిగితే, నల్లవాళ్ల కోటా నిండిపోయిందని జవాబొచ్చింది. ఇక్కడ కోటా అనే మాటను గమనించాలి. మనదేశంలో రిజర్వేషన్ అంటే మూసిన తలుపును తెరిపించడానికి పెట్టిన కనీస హామీ. అక్కడి ఆ కోటా, ఇంతకు మించి రానివ్వం అని గీసిన గీత. పేరొకటే అయినా రెండూ పూర్తిగా ఎదురు. చివరికి సొంత ఊళ్లోని క్రైటన్ యూనివర్సిటీలో చేరాడు. 1957లో కార్డినల్స్‌తో ఒప్పందం కుదిరింది. మధ్యలో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకూ ఆడాడు.

1959 ఏప్రిల్ 15న పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. అప్పటి మేనేజర్ సాలీ హీమస్‌కు నల్లజాతి ఆటగాళ్ల మీద నమ్మకం లేదు. ఎదుటి బ్యాటర్ల బలాబలాల గురించి జట్టు చర్చించుకునేటప్పుడు, అవన్నీ నీకెందుకు, బంతిని ప్లేట్ మీదికి విసిరితే చాలు అన్నట్టుగా తనతో వ్యవహరించేవాడని గిబ్సన్ తర్వాత చెప్పాడు. ఒళ్లు ఇవ్వు, బుర్ర అక్కర్లేదు అన్నమాట. మొదటి రెండేళ్లలో గిబ్సన్ ఖాతాలో పడ్డవి ఆరే విజయాలు. 1961 జులైలో హీమస్‌ను తీసేసి జానీ కీన్‌ను మేనేజర్‌గా పెట్టాక గిబ్సన్‌కు జట్టులో నిలకడైన చోటు దొరికింది. అదే మనిషి, అదే చెయ్యి. మారింది అవకాశం ఇచ్చేవాడు. 251 అనే అంకెలో ఈ రెండేళ్ల నష్టం ఎక్కడా కనిపించదు.

మైదానం బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జట్టు వసంతకాల శిక్షణ జరిగేది. తెల్ల ఆటగాళ్లకు హోటల్, నల్ల ఆటగాళ్లకు నల్లవాడలోని ఇళ్లు. 1961లో సహచరుడు బిల్ వైట్ దీన్ని పత్రికల ముందు పెట్టాడు. నల్లజాతి ఆటగాళ్లు గట్టిగా నిలబడ్డారు. మరుసటి ఏడు జట్టంతా కుటుంబాలతో సహా ఒకే మోటెల్‌లో దిగింది. అది పైవాళ్ల దయ కాదు, అడిగి సాధించుకున్నది.

ఆ రోజుల సంగతి ఒకటి మెకార్వరే చెప్పేవాడు. దక్షిణాదిలో పెరిగిన తెల్ల కుర్రాడు అతను. బస్సులో కూల్‌డ్రింక్ తాగుతుంటే గిబ్సన్ వచ్చి, ఒక గుక్క ఇస్తావా అన్నాడు. కావాలనే. మెకార్వర్ తడబడి, నీకు కొంచెం మిగులుస్తాలే అని గొణిగాడు. ఎంగిలి దగ్గర మనుషుల అసలు రంగు బయటపడుతుందని గిబ్సన్‌కు తెలుసు. తర్వాత ఈ ఇద్దరూ పిచర్, క్యాచర్‌గా ఏళ్ల తరబడి కలిసి ఆడారు. మెకార్వర్ తన లోపలి వివక్షను తాను చూసుకున్నాడు, జీవితకాల మిత్రుడయ్యాడు.

దీన్ని చదువుతుంటే పల్వంకర్ బాలూ గుర్తుకురాక మానడు. చమార్ కులంలో పుట్టి, 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసిన స్పిన్ బౌలర్. పూనాలో హిందూ జట్టుకు అతని చేతి బంతి కావాలి, టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట మట్టి ముంత. ఎన్ని వికెట్లు తీసినా హిందూ జట్టు పూర్తి స్థాయి నాయకత్వం అతనికి దక్కలేదు.

ఎవరు ఎక్కడ నిలబడాలి?

1947లో జాకీ రాబిన్సన్ రాకతో బేస్‌బాల్‌లో జాతి గోడ కూలిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. బయటి గోడ కూలింది, లోపల గదుల మధ్య గోడలు నిలిచాయి. జాన్ లాయ్, జోసెఫ్ మెకెల్వోగ్ అనే సమాజశాస్త్రవేత్తలు 1970లో ఒక అధ్యయనం ప్రచురించారు. నల్లజాతి ఆటగాళ్లు ఎక్కువగా మైదానం అంచుల్లో, ఔట్‌ఫీల్డ్‌లో కనిపిస్తున్నారనీ, ఇతరులతో సమన్వయం చేసుకుంటూ నిర్ణయాలు తీసుకోవాల్సిన నడిమి స్థానాల్లో చాలా తక్కువగా ఉన్నారనీ చూపించారు. నడిమి స్థానాల నుంచే తర్వాత మేనేజర్లు తయారవుతారు. కాబట్టి ఇది ఒక ఆటతో ముగిసే వివక్ష కాదు.

ఈ నేపథ్యంలో గోల్డ్ గ్లవ్ జాబితా చూడండి. 1957లో మొదలైన ఈ అవార్డును గిబ్సన్‌కు ముందు గెలిచిన పిచర్లు బాబీ షాంట్జ్, హార్వీ హాడిక్స్, ఫ్రాంక్ లారీ, జిమ్ కాట్. నలుగురూ తెల్లవాళ్లే. 1965లో గిబ్సన్ ఆ వరుసను తెంచి, ఇంకెవరికీ వదలకుండా తొమ్మిదేళ్లు పట్టుకున్నాడు. పిచర్లలో అతనికంటే ఎక్కువ గోల్డ్ గ్లవ్‌లు ఉన్నది ఇద్దరికే: గ్రెగ్ మాడక్స్‌కు 18, జిమ్ కాట్‌కు 16.

1965 నుంచి ఈ అవార్డుకు లీగ్‌లోని మేనేజర్లు, కోచ్‌లు ఓటు వేస్తున్నారు. సొంత జట్టు ఆటగాడికి ఓటు వేయకూడదు. పెద్ద లీగ్‌లో మొదటి నల్లజాతి మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్‌కు ఆ పదవి దక్కింది 1975 సీజన్‌లో. అంటే గిబ్సన్ తొమ్మిది గ్లవ్‌లకూ ఓటు వేసిన మేనేజర్లలో ఒక్క నల్లజాతి మనిషీ లేడు. అతనితో ఓడిపోతున్న జట్ల తెల్ల మేనేజర్లే, వేరే దారిలేక, తొమ్మిదిసార్లు ఒప్పుకున్నారు.

అలాగని అవార్డును దేవుడి తీర్పుగా చూడనక్కర్లేదు. 1969లో జిమ్ కాట్ ఎనిమిది ఎర్రర్లు చేసి, .826 సగటుతోనే గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. పేరు ఒకసారి స్థిరపడితే ఓట్లు అలవాటుగా పడతాయి. అయితే ఆ పేరు స్థిరపడటానికి కూడా మొదట ఒక చోటు కావాలి కదా. అందుకే అంకె, అవార్డు, కళ్లారా చూసిన ఆట, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

1967, 1968

1967 జులై 15న రాబర్టో క్లెమెంటే కొట్టిన బంతి గిబ్సన్ కాలి ఎముకను విరగ్గొట్టింది. అయినా ఇంకో ముగ్గురు బ్యాటర్లకు బంతులు విసిరాక కుప్పకూలాడు. సెప్టెంబర్‌లో తిరిగొచ్చి వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ మీద మూడు ఆటలు పూర్తిగా ఆడి మూడూ గెలిచాడు. 27 ఇన్నింగ్స్‌లో ఇచ్చినవి మూడు పరుగులు.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఆ ఏడాది, గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. 34 ఆటలు మొదలుపెట్టి 28 పూర్తి చేశాడు. 13 ఆటల్లో ఎదుటి జట్టుకు పరుగే లేదు. అక్టోబర్ 2న సిరీస్ మొదటి ఆటలో 17 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ ఏడు పిచర్లందరి ఆధిపత్యం చూసి, మరుసటి సీజన్‌కు మట్టి దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఆ తర్వాత కూడా గిబ్సన్ 1969లో 20, 1970లో 23 విజయాలు సాధించాడు.

1968 సిరీస్ ఏడో ఆటలో మాత్రం ఓడిపోయాడు. ఏడో ఇన్నింగ్స్‌లో జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతిని సెంటర్ ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్ తప్పుగా అంచనా వేశాడు. బంతి తల మీదుగా పోయింది. ఫ్లడ్ కూడా నల్లజాతివాడే, ఏడు గోల్డ్ గ్లవ్‌ల ఫీల్డర్. జనం దశాబ్దాలుగా చెప్పుకునే ఆ తప్పు ఎర్రర్ల గడిలో లేదు. బంతిని ముట్టుకోలేదు కాబట్టి స్కోరర్ దాన్ని హిట్‌గా రాశాడు. గిబ్సన్ ఎన్నడూ ఫ్లడ్‌ను నిందించలేదు. తర్వాత ఇదే ఫ్లడ్, తనను అడగకుండా వేరే జట్టుకు బదలాయించడాన్ని ఒప్పుకోక, మనిషి సరుకు కాదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1972లో 5-3 తీర్పుతో ఓడాడు. కానీ ఆటగాళ్ల స్వేచ్ఛ గురించిన పోరాటానికి అది దారి వేసింది.

‘కోపిష్టి’ ముద్ర

గిబ్సన్ పేరు చెప్పగానే వచ్చే మాట భయం. బ్యాటర్ల ఒంటిమీదికి విసురుతాడు, ఉరిమి చూస్తాడు అని. లెక్క తీద్దాం. 17 సీజన్లలో అతని బంతి తగిలిన బ్యాటర్లు 102 మంది. అదే కాలపు తెల్ల పిచర్ డాన్ డ్రైస్‌డేల్ 14 సీజన్లలో, తక్కువ ఇన్నింగ్స్‌లో, 154 మందిని కొట్టాడు. డ్రైస్‌డేల్‌కూ దూకుడు పేరుంది. అయితే అతని దూకుడు వ్యూహంగా చరిత్రకెక్కింది, గిబ్సన్‌ది స్వభావంగా. ఉరిమి చూడటం సంగతి గిబ్సనే చెప్పాడు: చూపు సరిగా ఆనక, క్యాచర్ వేళ్ల సైగలు కనబడక కళ్లు చిట్లించేవాడు.

ఆట మానేశాక కూడా ఈ ముద్ర వదల్లేదు. పాత సహచరుడు జో టోరీ పిలిచినచోట కోచ్‌గా కొన్నేళ్లు చేశాడు. పెద్ద లీగ్ మేనేజర్ కుర్చీ మాత్రం ఎన్నడూ రాలేదు. 1987లో డాడ్జర్స్ జట్టు ఉన్నతాధికారి అల్ కాంపానిస్, మేనేజర్ కావడానికి కావలసినవి నల్లవాళ్లలో ఉండకపోవచ్చని టీవీలోనే అన్నాడు. ఉద్యోగం పోయింది. కానీ అతను బయటికన్న మాటే చాలామంది లోపల అనుకునేది.

రాయని లెక్కలు

గిబ్సన్ లెక్కలన్నా పుస్తకంలో ఉన్నాయి. అతనికి ముందు తరం నల్లజాతి ఆటగాళ్లు తమ సొంత నీగ్రో లీగుల్లో ఆడారు. తెల్ల పత్రికలు వాటిని పట్టించుకోలేదు. నల్లజాతి పత్రికలు రాసిన స్కోర్లే ఆధారం, అవీ అన్నీ దొరకవు. 1920-1948 మధ్య లీగులను పెద్ద లీగులుగా 2020 డిసెంబర్‌లో గుర్తించారు. ఆ అంకెలను 2024 మేలో అధికారిక రికార్డులో కలిపారు. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటి జోష్ గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు. అతను 1947లోనే చనిపోయాడు. ‘ఆల్‌టైమ్ రికార్డు’ అని ఇన్నేళ్లూ చదివింది సగం జనాన్ని గేటు బయట నిలబెట్టి రాసిన రికార్డు.

బాబ్ గిబ్సన్ 1981లో మొదటి ప్రయత్నంలోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2020 అక్టోబర్ 2న చనిపోయాడు, ఆ 17 స్ట్రైకౌట్ల ఆట జరిగిన తేదీనే. రెండేళ్లకు, 2022 వరల్డ్ సిరీస్‌లో, రెండు జట్ల జాబితాల్లో అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. 1950 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

మెరిట్ అంటూ ఎవరైనా ఒక అంకెను మన ముందు పెట్టినప్పుడు మనం అంకెకు భయపడనక్కర్లేదు, దాన్ని విసిరికొట్టనూ అక్కర్లేదు. 102, 154 పక్కపక్కన పెట్టింది అంకెలే కదా, అపవాదును బయటపెట్టింది. అడగాల్సినవి మూడే. ఆ అంకె సంపాదించుకునే చోట ఎవరిని నిలబడనిచ్చారు? తప్పేదో ఒప్పేదో తేల్చిన పెన్ను ఎవరి చేతిలో ఉంది? ఏ పనికి అసలు గడే గీయలేదు? పరీక్ష మార్కులైనా, ఇంటర్వ్యూ మార్కులైనా, ఉద్యోగంలో రహస్య నివేదికలైనా ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాకే వాటిని ప్రతిభ అనాలి.